గాలిలోనా, నేల మీదనా

విమానం నేలకు దిగేటప్పుడు నా తమ్ముడు చనిపోయాడు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ నోరు "అయ్యో పాపం" అంటుంది. కళ్ళు మాత్రం ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అంటాయి. ఏ సీటు? కిటికీ పక్కనా? మంటలొచ్చాయా? ఒళ్ళు మొత్తం దొరికిందా? కృష్ణగిరిలో తెలుగు పంతులమ్మగా నా సగం జీవితం పిల్లల తప్పులు దిద్దడంతోనే గడిచింది. పెద్దవాళ్ళ ఈ కక్కుర్తిని దిద్దడం నా వల్ల కాదని ఆ వారమే తెలిసింది.

తమ్ముడు బేరిగై దగ్గర మా ఊళ్ళోనే ఉండేవాడు. ఆ చుట్టుపక్కలంతా గులాబీ తోటలు. కోసిన పూలు వాడిపోకుండా పెట్టడానికి తోటల్లో కోల్డ్ రూములు కట్టారు. వాటి మిషన్లు చెడిపోతే బాగుచేయడం వాడి పని. ఎక్కడో సముద్రం ఒడ్డు ఊళ్ళో పూల గోడౌన్‌లో మిషన్ నిలిచిపోయిందని, బస్సులో పోయేలోగా పూలన్నీ కుళ్ళిపోతాయని, వాళ్ళ ఓనరు విమానం టికెట్ తీసిచ్చాడు. మా ఇంటి మొత్తంలో విమానం ఎక్కిన మొదటివాడు వాడే. హోసూరు తేరు జాతరలో రంగులరాట్నం ఎక్కితేనే వాడికి కళ్ళు తిరిగేవి. బయలుదేరే ముందు నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, పైన వాంతొస్తే కిటికీ తీయొచ్చునా?"

"తియ్యప్పా. కింద ఎవురి నెత్తిన పడతాదో వాళ్ళ అదృష్టం."

వాడు పడీ పడీ నవ్వాడు. నేను స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశాను. వాడితో మాట్లాడింది అదే ఆఖరు.

ఆ సాయంత్రం మా చిన్నాయన ఫోన్ చేశాడు. మా నాన్నకు తమ్ముడాయన, ఊళ్ళో మాటకారి అని పేరు. "పాపా, టీవీ పెట్టు" అన్నాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు. చావు కబురు చెప్పే పద్ధతి చూశారా? టీవీ పెట్టాను. వానలో విమానం చక్రాలు రన్‌వేను తాకాయట, కానీ ఆగలేదట. చివరిదాకా జారిపోయి, గోడ పగలగొట్టుకుని, అవతలి గోతిలో పడి విరిగిపోయిందట. కొందరు బతికారు. మావాడు బతికినవాళ్ళలో లేడని కొంతసేపటికి వాళ్ళ ఓనరు ఫోన్ చేసి చెప్పాడు. ఆయనొక్కడే ఆ రోజు మనిషిలాగా మాట్లాడాడు. ఏడుస్తూ మాట్లాడాడు.

మరునాడు పొద్దున్నే హోసూరు బస్సెక్కాను. గురుబరపల్లి దాటుతుండగా నా ముందు సీట్లో ఒకడు సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టాడు, సౌండు బస్సంతా వినబడేలా. అరుపులు, సైరన్లు, ఎవడో యాంకర్ రొప్పుతూ మాట్లాడటం. నేను వాడి భుజం తట్టాను.

"ఏమప్పా, సినిమానా అది?"

"లేదక్కా, నిజమే. నిన్న విమానం పడింది చూడు. సూపర్‌గా తీసుండారు."

"దాంట్లో నా తమ్ముడు ఉండినాడు."

ఫోన్ టక్కున ఆపేశాడు. సిగ్గుపడ్డాడు కాబోలు అనుకున్నాను. కొంచెం దూరం పోయాక వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా, "ఏ సీటక్కా?" అని అడిగాడు. శూలగిరిలో దిగేదాకా నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. చెప్పు నా కాలికే ఉండడం వాడి అదృష్టం.

ఇంటికి పోయేసరికి వాకిలి నిండా జనం. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు అది నచ్చలేదు. "ఏడ్చమ్మా, ఏడిస్తే భారం దిగతాది" అని ఒకామె దాని వీపు గుద్దుతోంది. నేను ఆమె చేయి పట్టుకుని పక్కకు జరిపాను. మరదలు నన్ను చూసి లేచింది. చేతిలో ఫోన్‌తోనే నా రెండు చేతులూ పట్టుకుంది.

"వదినా, నాకు ఇంకేమీ వద్దు. ఆయప్పను ఒక్కసారి ఇంట్లోకి తెప్పించు. వాకిట్లోంచి పోయినాడు, వాకిట్లోకే రావల్ల. ఊరి బయట రోడ్డు మీద పెట్టి, అట్నించి అట్నే ఎత్తుకపోతారంట. పెద్దమామ చెప్పి పంపినాడు."

నాకు అర్థమైంది. ఊరి బయట చచ్చినవాళ్ళ పీనుగను పొలిమేర దాటించి లోపలికి తేకూడదని మా వైపు ఒక కట్టు. ఊరికి అరిష్టమట. పొలిమేర దగ్గరే షామియానా వేసి, అక్కడే దింపి, అక్కడే ఏడ్చి, అక్కడినుంచే స్మశానానికి తీసుకుపోతారు. మరదలు పెద్దమామ అన్నది మా పెదనాయనను. మా వంశంలో పెద్ద, ఊళ్ళో ఏ పంచాయితీ అయినా ఆయన అరుగు మీదే.

తిన్నగా ఆయన దగ్గరికే పోయాను. ట్రాక్టరు షెడ్డు పక్కన కుర్చీలు వేసుకుని పెద్దమనుషులందరూ కూర్చున్నారు. కాఫీలు తాగుతున్నారు. చావింటికి వచ్చిన కాఫీ అయినా సరే, అందులో చక్కెర తక్కువైందని ఒకాయన గొణుగుతున్నాడు.

"నాయనా, తమ్ముడు ఇంట్లోకి రావల్ల" అన్నాను.

పెదనాయన కండువా సర్దుకున్నాడు. "కట్టు అని ఒగటి ఉండాది కదా పాపా. మనమే తప్పితే ఊర్లో నలుగురూ ఏమంటారు?"

"మన పెద్దవ్వ యాడ చచ్చిపోయింది నాయనా?"

పెద్దవ్వ పెదనాయన సొంత తల్లి. హోసూరు ఆస్పత్రిలో తెల్లవారకముందే ప్రాణం పోయింది. ఈ పెద్దమనుషులే ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించి, "ఇంకా ఊపిరుంది, ఇంకా ఊపిరుంది" అని కారులో ఊళ్ళోకి తెచ్చారు. నట్టింట్లో పడుకోబెట్టి, గొట్టం పీకి, అప్పుడు గుండెలు బాదుకున్నారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆమె కాళ్ళు కొయ్యబారిపోయి కారు తలుపు మూసుకోలేదు. అరిష్టం గొట్టాన్ని చూసి మోసపోయి వెనక్కి వెళ్ళిపోయినట్టుంది, పాపం!

"అది వేరే, ఇది వేరే" అన్నాడు పెదనాయన. "అప్పుడు ఊపిరి ఉండాదో లేదో ఎవురికి తెలుసు? ఇది టీవీలో వచ్చిండాది. దేశమంతా చూసిండాది."

అంటే వీళ్ళ కట్టుకు భయం దేవుడిది కాదు, టీవీది. ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అడిగి కడిగేద్దామని నోరు తెరిచాను. అప్పుడే మా చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, ఒగ మాట. ఊరి బయట అంటే ఏమి? ఇంకో ఊరి నేల మీద చావడం. మన పిల్లోడు విమానంలో కదా పోయినాడు? గాలిలో పోయినాడంటే ఇంక ఏ ఊరి నేల? గాలికి పొలిమేర యాడుండాది?"

కుర్చీలన్నీ ముందుకు జరిగాయి. ఎవరికీ నా తమ్ముడు గుర్తులేడు ఇప్పుడు. ఒక మంచి తగువు దొరికింది.

"గాలిలో యాడ పోయినాడప్పా? చక్రం నేలకు తగిలినాక కదా పడింది!"

"తగలకముందే లోపల పోయుంటే? గుండె ఆగిపోయుంటే?"

ఒకాయన సెల్‌ఫోన్ తీశాడు. వార్తల ఛానెల్‌వాళ్ళు కంప్యూటర్‌లో గీయించిన బొమ్మ వీడియో అది. తెల్లటి బొమ్మ విమానం, పచ్చటి గడ్డి, బూడిదరంగు రోడ్డు. అందరూ దాని మీదికి వంగారు. వేలితో ఆపడం, వెనక్కి జరపడం, మళ్ళీ ఆపడం. "ఇదో, ఈడ చూడు, ఈడ ఆనింది." "లేదు, ఇంకా ఆనలేదు, కింద నీడ కనబడతా ఉండాది చూడు." ఆ బొమ్మలో వాన లేదు. మనుషులు లేరు. స్టూడియోలో ఎవడో కుర్రాడు టీ తాగుతూ గీసిన చక్రం నేలకు తగిలిందా లేదా అన్నదాన్ని బట్టి నా తమ్ముడు ఇంటికి రావాలా వద్దా అని తేలుస్తున్నారు వీళ్ళు. వీళ్ళలో ఇద్దరు బ్యాంకులో పనిచేసి రిటైరైనవాళ్ళు. ఒకడి కొడుకు ఇంజినీరు. ఛీ!

"వెనక చక్రాలు ముందు ఆనతాయి" అని చిన్నాయన కొత్తగా కనిపెట్టాడు. "ముందు సీట్లో ఉంటే ఇంకా గాలిలో ఉన్నట్టే లెక్క. పాపా, పిల్లోడిది ఏ సీటో కనుక్కోరాదా?"

ఇక ఆగలేకపోయాను. "కనుక్కుంటాను చిన్నాయనా. తల ముందు చచ్చిపోయిందా, కాళ్ళు ముందు చచ్చిపోయినాయా, అది గూడా కనుక్కోని వస్తాను. తలకాయను ఇంటికి, కాళ్ళను స్మశానానికి పంపిస్తాం" అన్నాను.

నా అరుపుకు షెడ్డు వెనక కట్టేసిన కుక్క మొరగడం మొదలుపెట్టింది. ఆ మొత్తం కూటంలో బాధ తెలిసింది దానికొక్కదానికేనేమో.

అయినా నేను లేచి వెళ్ళిపోలేదు. వీళ్ళ మీద ఎంత అసహ్యం వేసినా, నాకు కావలసింది మరదలు అడిగిన ఆ ఒక్కటే. గాలిలో పోయాడనే పిచ్చి మాటే వాడిని వాకిలి దాటించేదైతే, ఆ పిచ్చి మాటకే నేనూ తలూపుదామనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు తీర్పు తేలింది. పిల్లోడు గాలిలోనే పోయాడు. పెట్టె ఇంట్లోకి రావచ్చు. కానీ పెదనాయనకు ఒక భయం మిగిలింది. రేపు ఊళ్ళో ఒక ఆవు చచ్చినా, ఒక బోరు ఎండినా అందరూ తనమీదే పడతారు. అందుకని ఒక షరతు పెట్టాడు.

"దిగినాక పిల్లోడి దగ్గర్నుంచి ఏ కబురూ రాలేదని, పొలిమేర దగ్గర నలుగురిలో ఆ యమ్మ ఒగ మాట చెప్పల్ల. పెండ్లాము చెప్తే ఇంక ఎవురూ వేలెత్తి చూపించరు."

నేను వచ్చి మరదలికి చెప్పాను. "రాలేదు అను, చాలు. ఒక్క మాట. ఆ తర్వాత ఇంట్లోకి తెచ్చుకుందాం." అది నా మొహంలోకి చూసింది. "ఊఁ" అన్నది. దాని చేతిలో ఫోన్ ఉంది. పొద్దున్నుంచీ దాన్ని వదల్లేదు. బంధువులెవరైనా చేస్తారని పట్టుకుందేమో అనుకున్నాను.

పెట్టె రోడ్డు మీద వస్తోందని, తెల్లవారాక చేరుతుందని ఓనరు మనిషి ఫోన్ చేశాడు. ఈలోగా ఊరి కుర్రకారు ఊరికే కూర్చోలేదు. బస్టాపు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. మా వైపు మనిషి పోతే ఫ్లెక్సీ లేకుండా పోనివ్వరు. అరవ అక్షరాల్లో కన్నీటి అంజలి, పక్కన తమ్ముడి పెళ్ళినాటి ఫోటో. వెనక నీలం ఆకాశం, దూదిమబ్బులు, వాటి మధ్య రెక్కలు చాపుకుని పైకి పోతున్న విమానం. కింద రెండు వరుసల్లో, చల్లద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి, ఫ్లెక్సీకి డబ్బులిచ్చినవాళ్ళ బొమ్మలు. చచ్చినవాడి మొహం కంటే వాళ్ళ మొహాలే పెద్దవి.

"విమానం ఎందుకప్పా ఏసినారు?" అని తాళ్ళు కడుతున్న కుర్రాణ్ణి అడిగాను.

"డిజైన్ బాగుంటాదని అక్కా."

వాడి గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. తిట్టడానికి నాకు ఓపిక లేకపోయింది. వాడు నా మెచ్చుకోలు కోసం చూస్తున్నాడని అర్థమై, అక్కడినుంచి వచ్చేశాను.

పొద్దున ఆంబులెన్సు వచ్చింది. పొలిమేర దగ్గర ఆగింది. డ్రైవరు అరవాయన, రాత్రంతా బండి నడిపి కళ్ళు ఎర్రబడి ఉన్నాడు. ఊరంతా అక్కడే ఉంది. మరదలిని నేను చేయిపట్టుకుని తీసుకొచ్చాను. తెల్లటి వెనక తలుపులు మూసే ఉన్నాయి. అది ఆ తలుపుల వైపు చూస్తూ నిలబడింది.

పెదనాయన తెల్ల పంచె కట్టుకుని, మీటింగులో మాట్లాడేవాడిలాగా అందరివైపూ తిరిగాడు. "మన పిల్లోడు గాలిలో పోయినాడు. ఏ ఊరి నేలా ఆనలేదు. అందుకని కట్టుకు అడ్డం లేదు. ఏమ్మా, దిగినాక కబురేమైనా వచ్చెనా నీకు?"

నేను మరదలి చేయి గట్టిగా నొక్కాను.

"వచ్చింది మామా" అన్నది.

జనం గుసగుసలాడారు. పెదనాయన మొహం చిట్లించాడు.

"ఏమొచ్చింది?"

"రింగ్ వచ్చింది. రెండు రింగులు."

ఆ మాటతో అందరికీ అర్థమైంది. మా ఇళ్ళల్లో ఎక్కడికి పోయినా చేరగానే ఒక రింగ్ ఇచ్చి పెట్టేస్తారు. చేరాను అని దాని అర్థం. దాన్ని ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదు. ఫోన్‌లో మాటకు లెక్క కట్టే రోజుల్లో పట్టిన అలవాటు. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఒకటే అయినా ఎవరూ మానలేదు.

"దిగేటప్పుడు నేల తగలంగానే రింగ్ ఇస్తానని చెప్పి పోయినాడు" అన్నది మరదలు. "ఇచ్చినాడు. నేను పప్పుకు తాలింపు పెడతా ఉండాను. చేరినాడులే అనుకోని, ఎప్పుడూ ఎత్తను కదా, ఎత్తకుండా ఉండిపోయినాను. పప్పు దించి, అన్నం తిన్నాను. కడుపు నిండా తిన్నాను."

చిన్నాయన వెంటనే అందుకున్నాడు. "గాలిలో ఉండంగానే కొట్టినాడేమోలే అమ్మా! పైన గూడా సిగ్నల్ దొరకతాది!"

"లేదు చిన్నమామా. నేల తగిలినాకనే కొట్టినాడు. ఆయప్ప మాట తప్పేవాడు కాదు."

పెదనాయనకు కోపం వచ్చింది. అబద్ధం చెప్పనందుకు కోపం! "ఏంది తల్లీ ఇది? అందరమూ ఇంత కష్టపడి ఒగ దారి చేసినాము. రాలేదని ఒగ మాట అనేదానికేమి?"

"రాలేదంటే ఆయప్ప ఆఖరుగా చేసింది లేకుండా పోతాది కదా మామా. నాకు ఇంకేముండాది?"

ఆయన కండువా దులుపుకున్నాడు. "అయితే ఇంకేం మాట్లాడేదానికి లేదు. పెట్టె ఈడే దించండి."

మనుషులు కదిలారు. మరదలు నా చేయి విడిపించుకుని ఆంబులెన్సు ముందుకు పోయి నిలబడింది. దాని గొంతు నేనెప్పుడూ అంత పెద్దగా వినలేదు.

"చేరినాను అని ఆయప్ప పిలిచినాడు. నేను పలకలేదు. ఇప్పుడు ఇంటిదాకా వచ్చినాడు. ఇప్పుడు గూడా పలకొద్దంటారా?"

గాలి గురించి, నేల గురించి, సిగ్నల్ గురించి అంత తెలిసిన నోళ్ళన్నీ మూతపడ్డాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూశాడు. ఆయనకు మా తెలుగు ఎంత అర్థమైందో తెలియదు. "పోలామా అమ్మా?" అన్నాడు అరవంలో, పోదామా అని.

"పోలాం" అన్నాను.

అడ్డం పడతారేమోనని చూశాను. పడలేదు. అడ్డం పడటానికైనా కాస్త నమ్మకం ఉండాలి కదా. బండి కదలగానే ఊరి పెద్దలందరూ పంచెలు ఎత్తి పట్టుకుని రోడ్డు పక్క బురదలోకి జరిగారు. మరదలు బండి ముందు నడిచింది. నేను దాని వెనక నడిచాను. మా వీధిలో కొన్ని తలుపులు మేము వస్తుంటేనే మూసుకున్నాయి. మూసుకోనీ.

డ్రైవరు, బండిలో వచ్చిన ఓనరు మనిషి, నేను కలిసి పెట్టె దించి నట్టింట్లో పెట్టాం. సీలు వేసిన పెట్టె, తెరవకూడదని చెప్పి పంపారు. ఆడవాళ్ళు ఇద్దరో ముగ్గురో గుమ్మం దాకా వచ్చి ఆగారు. మరదలు పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. చెంగుతో పెట్టె మీది దుమ్ము తుడిచింది. రెండు చేతులూ దాని మీద పెట్టి, చెవి ఆనించింది.

"ఆఁ... చెప్పు" అన్నది. "వింటా ఉండాను."